వాల్డెమార్ హాఫ్‌కిన్: మూసిన దస్త్రం

మన పల్లెల్లో మహమ్మారి అన్నది పుస్తకాల్లో చదివి నేర్చుకున్న మాట కాదు. నర్సింహులపేట మొదలైన తెలంగాణ గ్రామాల్లో కలరాను గత్తర అంటారు. కోపం పట్టలేని ముసలమ్మల నోట ఆ మాట తిట్టుగా నిలిచినది. ఒక వ్యాధి పేరు తిట్టుగా మిగిలినదంటే, అది ఎన్ని ఇండ్ల దీపాలను ఆర్పి పోయినదో ఊహించుకోవచ్చును. కాని ఆ ఇండ్లు ఎన్ని? ఏ సంవత్సరం ఎందరు పోయినారు? ఏ వాడలో ఎక్కువ, ఏ వాడలో తక్కువ? ఊరి జ్ఞాపకానికి ఈ సంగతులు అందవు. ఆ లెక్కలు వ్రాయవలసినది ప్రభుత్వం. వ్రాసిన దానిని ప్రజలకు చూపవలసినది కూడా ప్రభుత్వమే.

ఈ రెండవ విధిని ప్రభుత్వం మరచినప్పుడు ఏమి జరుగుతుందో తెలుసుకొనడానికి ఒక మహనీయుని జీవితం చదవవలసి ఉన్నది. కలరాకు, ప్లేగుకు టీకాలు కనిపెట్టి, వాటిని మొదట తన శరీరంలోనే ఎక్కించుకొని, తన జీవితంలోని మంచి సంవత్సరాలను భారతదేశానికి ధారపోసిన వాల్డెమార్ మొర్దెకై హాఫ్‌కిన్ ఆయన. ముంబాయిలోని ఒక సంస్థ పేరుగా ఆయన పేరు నేటికీ వినబడుతున్నది. ఆయనకు జరిగిన అన్యాయం మాత్రం కొద్దిమందికే తెలుసును.

హాఫ్‌కిన్ 1860 మార్చి 15వ తేదీన నల్లసముద్రపు రేవుపట్టణమైన ఒడెస్సాలో, ఒక యూదు కుటుంబంలో జన్మించినారు. ఆ నగరం అప్పుడు రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉన్నది. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆయనకు మెచ్నికోవ్ వంటి గురువు లభించినాడు. రక్తంలోని తెల్లకణాలు రోగక్రిములను మింగివేస్తాయని లోకానికి చాటి, తరువాత నోబెల్ బహుమానం పొందిన శాస్త్రవేత్త ఆయనే. శిష్యుడు చదువులో ఎంత చురుకైనవాడో, అన్యాయం ఎదుట అంత తలవంచని వాడు. 1881 ప్రాంతంలో యూదుల ఇండ్లపై మూకలు దాడులు చేసినప్పుడు హాఫ్‌కిన్ ఆత్మరక్షణ దళంలో చేరి చెరసాల పాలైనారు. గురువు కల్పించుకొనడం చేత విడుదలైనారు. మతం మార్చుకుంటే విశ్వవిద్యాలయంలో ఉద్యోగం దొరికే అవకాశం ఉన్నది, ఆయన మార్చుకొనలేదు. 1888లో స్వదేశాన్ని విడిచి జెనీవా చేరి, మరుసటి సంవత్సరం పారిస్ నగరంలోని పాశ్చర్ సంస్థకు వెళ్లినారు. అక్కడ దొరికినది గ్రంథాలయంలో చిన్న కొలువు. తీరిక చిక్కినప్పుడెల్ల ప్రయోగశాలలో గడిపేవారు.

ఆ కాలంలో ఐరోపాను, ఆసియాను కలరా వణికిస్తున్నది. హాఫ్‌కిన్ దానికి టీకా తయారుచేసి, 1892 జులై 18న తానే వేయించుకొన్నారు. జ్వరం వచ్చినది, తగ్గినది. టీకా హాని చేయదని తేలినది. కాని అది రక్షిస్తుందా అన్న ప్రశ్న మిగిలినది. దానికి సమాధానం కలరా స్థిరనివాసం ఏర్పరచుకొన్న గంగాతీరంలోనే దొరకాలి. 1893 మార్చిలో ఆయన కలకత్తాలో అడుగుపెట్టినారు.

ఇక్కడ విద్యార్థులు ఒక్క విషయం నిదానంగా గమనించాలి. ఒక ఊరిలో వందమందికి టీకా వేసి, వారిలో ఎవరూ చనిపోలేదని చెప్పితే అది రుజువు కాదు. ఆ సంవత్సరం ఆ ఊరికి కలరా రాకనే పోయి ఉండవచ్చును. ఒకే నీరు త్రాగుతూ, ఒకే గాలి పీలుస్తూ, ఒకే ఇంట నివసించే వారిలో కొందరికి టీకా వేసి, కొందరికి వేయక, ఇరుపక్షాల లెక్కను ప్రక్కప్రక్కన వ్రాసినప్పుడే నిజం బయటపడుతుంది. హాఫ్‌కిన్ పద్ధతి ఇది. 1894 మార్చి నెలాఖరున కలకత్తాలోని కట్టాల్ బాగాన్ అనే బస్తీలో కలరా తగిలి ఇద్దరు చనిపోయినారు. అక్కడి సుమారు 200 మందిలో 116 మంది టీకా వేయించుకొన్నారు. ఆ తరువాత ఆ బస్తీలో కలరా సోకి ఏడుగురు చనిపోయినారు. వారందరూ టీకా వేయించుకొనని వారే. ఆయన ఇటువంటి లెక్కలనన్నిటినీ, తనకు అనుకూలమైనవీ కానివీ, వైద్యలోకం ముందుంచినారు. తెరచి ఉంచిన లెక్కయే ఆయన బలం.

1896లో ప్లేగు బొంబాయిలో ప్రవేశించినది. చైనాలో పెరిగి, 1894లో హాంగ్‌కాంగ్‌ను ముట్టడించిన మహమ్మారి ఓడల వెంట వచ్చి, మాండ్వీ రేవుపేటలో దిగినది. సెప్టెంబరులో వీగాస్ అనే గోవా వైద్యుడు రోగుల గజ్జల్లోని గడ్డలను చూచి, ఇది ప్లేగు అని ధైర్యంగా చెప్పినాడు. నగరపు అధికారులకు ఆ పేరు పలకడానికి నోరు రాలేదు. ఏదో అనుమానాస్పదమైన జ్వరమని కాగితాల మీద వ్రాసినారు. ప్లేగు అన్న మాట బయటికి పొక్కితే పరదేశాలు ఓడలను రానీయవు, ప్రత్తి వర్తకం పడిపోతుంది, జనం బెదరిపోతారు. వారి భయం పూర్తిగా నిరాధారమైనదని అనలేము. కాని పేరు మార్చినంత మాత్రాన రోగం ఆగలేదు. పేటలో రోజురోజుకూ శవాలు లేస్తుంటే, కాగితంలోని మాటను ఎవరు నమ్ముతారు? కొద్దినెలల్లో నగరంలో ఇంచుమించు సగం జనం మూటముల్లె కట్టుకొని పారిపోయినారు. రోగమూ వారి వెంట ప్రయాణం చేసినది.

తరువాత ప్రభుత్వం రెండవ కొసకు పోయినది. 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం చేసినది. అది నాలుగు సెక్షన్ల చిన్న చట్టం. అంటువ్యాధిని అరికట్టడానికి ఎటువంటి నిబంధనలనైనా విధించడానికి, ప్రయాణికులను ఆపి పరీక్షించడానికి, రోగులను వేరుచేయడానికి అది అధికారం ఇచ్చినది. ఆజ్ఞ మీరినవారికి శిక్ష విధించినది. ఆ చట్టం పేర పనిచేసిన అధికారులకు దావాల నుండి రక్షణ కల్పించినది. తమకు తెలిసిన సంగతిని ప్రజలకు చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానికి ఉన్నదని ఆ నాలుగు సెక్షన్లలో ఎక్కడా లేదు. సోదాలు మొదలైనవి. సైనికులు ఇండ్లలో జొరబడినారు. అప్పుడు జనం కూడా దాచడం నేర్చుకొన్నారు. రోగిని అటక మీద దాచినారు, శవాన్ని రాత్రివేళ సాగనంపినారు. ప్రభుత్వం పేరును దాచినది, ప్రజలు రోగిని దాచినారు. ఆ రెండు చీకట్ల నడుమ ప్లేగు నిర్భయంగా సంచరించినది.

ఈ చట్టం రాకముందే హాఫ్‌కిన్‌ను ప్రభుత్వం బొంబాయికి పిలిపించినది. గ్రాంట్ వైద్యకళాశాలలో ఇచ్చిన చోటు చాల చిన్నది. సహాయం ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు. రాత్రింబగళ్లు శ్రమించి, మూడు నెలలకు టీకా సిద్ధం చేసినారు. 1897 జనవరి 10న, ఇతరులకు వేయదలచిన దానికన్న ఎక్కువ మోతాదు తానే వేయించుకొన్నారు. తీవ్రమైన జ్వరం, నొప్పి కలిగినవి, ఓర్చుకొన్నారు. ఆ నెలాఖరున బైకుల్లా చెరసాలలో ప్లేగు పుట్టినది. ఖైదీలలో ఇష్టపడినవారికి టీకా వేసినారు. వేయించుకొనని వారిలో 12 మందికి రోగం సోకి ఆరుగురు మరణించినారు. వేయించుకొన్న వారిలో ఇద్దరికి సోకినది, ఒక్కరూ మరణించలేదు.

1898లో బరోడా సంస్థానంలోని ఉంధేరా గ్రామంలో మరింత కట్టుదిట్టంగా పరీక్ష జరిగినది. ప్రతి కుటుంబాన్నీ సుమారు సగంగా విభజించి, ఒక సగానికి టీకా వేసినారు. టీకా పొందిన 71 మందిలో 8 మందికి ప్లేగు తగిలి ముగ్గురు చనిపోయినారు. పొందని 64 మందిలో 27 మందికి తగిలి, 26 మంది చనిపోయినారు. ఈ లెక్కలో ఒక నిజాయితీ ఉన్నది. టీకా వేసినా ముగ్గురు పోయినారన్న సంగతిని హాఫ్‌కిన్ మరుగుపరచలేదు. టీకా అమృతం కాదు, అపాయాన్ని తగ్గించే సాధనం మాత్రమే అని చెప్పడానికి ఆయన జంకలేదు. జనం ఆయనను నమ్మడానికి కారణం ఇదే. ఆగాఖాన్ ఆయనకు పనిచేసుకొనడానికి తన భవనం ఇచ్చి, తన అనుచరుల ఎదుట తాను టీకా వేయించుకొన్నారు. 1899లో పరేల్‌లోని పూర్వపు గవర్నరు బంగళాలో ప్లేగు పరిశోధనశాల వెలసినది. హాఫ్‌కిన్ దానికి అధిపతి. ఒక పరదేశి, రాజుగారి జాతివాడు కానివాడు, వైద్యపట్టా లేనివాడు అంత ఎత్తుకు ఎదగడం చూచి దొరల వైద్యశాఖలో కొందరికి కన్ను కుట్టినదని చరిత్రకారులు చెప్పుదురు.

1902లో పంజాబు ప్రభుత్వం లక్షలాది జనానికి టీకాలు వేయ సంకల్పించినది. పరేల్ మీద భారం పెరిగినది. తయారీ వేగం పెంచడానికి హాఫ్‌కిన్ ఒక మార్పు చేసినారు. టీకాలో కార్బాలిక్ ఆమ్లం కలపడం మాని, వేడితోనే క్రిమిరహితం చేసినారు.

అక్టోబరు 30వ తేదీన ముల్కోవాల్ అనే గ్రామంలో 107 మందికి టీకాలు వేసినారు. అందుకు అయిదు సీసాలు వాడినారు. నాలుగు సీసాల వల్ల ఎవరికీ హాని కలుగలేదు. అయిదవ సీసా మందు పొందిన 19 మందికి కొద్దిరోజుల్లో ధనుర్వాతం వచ్చినది. దవడలు బిగుసుకొని, శరీరాలు విల్లులై, పందొమ్మిది మందీ చనిపోయినారు. ప్రాణరక్షణ కోసం చేతులు చాచినవారు అట్లు పోవడం కన్న ఘోరం లేదు. ఆ కుటుంబాలకు నిజం చెప్పవలసి ఉన్నది. ఆ నిజం మీదనే కోట్లాది ఇతరుల ప్రాణాలు కూడా ఆధారపడి ఉన్నవి. లోపం ఎక్కడ జరిగినది? పరేల్‌లో మందు తయారైనప్పుడా, ముల్కోవాల్‌లో సీసా మూత తెరచినప్పుడా?

ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని నియమించినది. సీసా తెరవకముందే అందులో క్రిమి చేరినదని, అనగా లోపం పరేల్‌లోనే ఉన్నదని ఆ సంఘం తేల్చినది. కార్బాలిక్ ఆమ్లం మానడాన్ని తప్పుపట్టినది. హాఫ్‌కిన్‌ను పదవి నుండి తప్పించినారు. 1904లో ఆయన జీతం లేని సెలవు మీద లండన్ చేరినారు. తన తప్పు లేదని ఆయన మొరపెట్టుకొన్నారు. కాని ఆ మొరను లోకం తూచడానికి సాక్ష్యాలు ఏవీ? అవి సర్కారు దస్త్రంలో ఉన్నవి. ముడి విప్పలేదు. నాలుగేళ్లు గడచినవి.

ఆ నాలుగేళ్లూ దేశంలో ప్లేగు ఆగి కూర్చొనలేదు. ముల్కోవాల్ వార్త వదంతిగా మారి ఊరూరా పాకినది. టీకా వేస్తే చస్తారన్న మాటకు ఎదురు చెప్పడానికి ఎవరి చేతిలోనూ ఆధారం లేదు. పంజాబులో తలపెట్టిన మహాప్రయత్నం కుంటుపడినది. 1907లో ఒక్క పంజాబులోనే ప్లేగుకు ఆరు లక్షల పైచిలుకు జనం బలియైనారు. వారందరూ టీకాతో బ్రతికి ఉండేవారని చెప్పడం న్యాయం కాదు. కాని నమ్మకం నిలిచి ఉంటే కొందరైనా బ్రతికి ఉండేవారని చెప్పక తప్పదు.

1906 డిసెంబరులో ప్రభుత్వం విచారణ పత్రాలను గెజిట్‌లో ప్రకటించినది. హాఫ్‌కిన్ దోషి అని నిరూపించడానికే ప్రకటించినది. ఇక్కడనే కథ మలుపు తిరిగినది. మూసినంత కాలం ఆయనను బంధించిన దస్త్రం, తెరచిన వెంటనే ఆయనను విడిపించడం మొదలుపెట్టినది. ఆ పత్రాలను శ్రద్ధగా చదివినవారిలో మన నేలతో సంబంధం ఉన్న ఒక మహానుభావుడు ఉన్నాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రోనాల్డ్ రాస్ ఆయనే. అప్పటికి ఆయన నోబెల్ బహుమానం పొంది ఇంగ్లండులో ఆచార్యుడుగా ఉన్నారు.

రాస్ ఆ పత్రాలను శాస్త్రజ్ఞుని కంటితో చూచినారు. సీసా తెరచినప్పుడు మందుకు దుర్వాసన లేదని సాక్ష్యంలో ఉన్నది. ధనుర్వాత క్రిమి వారాల తరబడి సీసాలో పెరిగి ఉంటే దుర్గంధం వేయక మానదు. మరొక సంగతి ఇంకా ముఖ్యమైనది. సీసా బిరడా తీయడానికి ఉపయోగించిన పట్టుకారు సహాయకుని చేతి నుండి నేల మీద పడినది. దానిని సరిగా క్రిమిరహితం చేయకనే మరల వాడినారు. ధనుర్వాత క్రిమి నివాసం మట్టియే కదా! ఇన్ని సాక్ష్యాలు సంఘం ఎదుటనే ఉండగా, అవి లోకం కంట పడనందువల్ల ప్రశ్నించేవారు లేకపోయినారు.

1907 మార్చిలో రాస్ లండన్ టైమ్స్ పత్రికకు లేఖ వ్రాసి, ప్రభుత్వం నిర్లక్ష్యాన్ని తీవ్రంగా ఖండించినారు. జులైలో పదిమంది ప్రసిద్ధ క్రిమిశాస్త్రజ్ఞులు కలిసి అదే పత్రికలో మరొక లేఖ ప్రకటించినారు. హాఫ్‌కిన్ మీద మోపిన నేరం తప్పని ఆ లేఖ సారాంశం. పార్లమెంటులో ప్రశ్నలు పుట్టినవి. 1907 నవంబరులో ప్రభుత్వం ఆయనను నిర్దోషిగా అంగీకరించి, తిరిగి ఉద్యోగం ఇవ్వజూపినది. ఫ్రాన్సులో డ్రైఫస్ అనే యూదు సైనికాధికారిపై రహస్యపత్రాలతో నేరం మోపి శిక్షించిన కథ అప్పటికి అందరికీ తెలుసు. ముల్కోవాల్ ఉదంతాన్ని చిన్న డ్రైఫస్ వ్యవహారమని కొందరు పిలిచినారు.

న్యాయం జరిగినది. కాని పూర్తిగా జరుగలేదు. హాఫ్‌కిన్ కలకత్తాకు తిరిగి వచ్చినారు. పరేల్ పరిశోధనశాల ఆయనకు దక్కలేదు. టీకాలను మనుష్యులపై పరీక్షించే పని ఆయనకు అప్పగించలేదు. సమరం నడుమ సేనాధిపతి చేత కత్తి విడిపించి, కలం ఇచ్చి మూల కూర్చోబెట్టినట్లయినది. 1914లో ప్రథమ ప్రపంచ యుద్ధం మొదలైన కాలంలో, యాభై అయిదేళ్లయినా నిండకముందే, భారతదేశాన్ని విడిచి వెళ్లినారు. ఐరోపాలో ఏకాంత జీవితం గడిపినారు. కూడబెట్టిన ధనాన్ని యూదు బాలుర విద్యకు ఇచ్చివేసినారు. 1930 అక్టోబరు 26న స్విట్జర్లాండులోని లొజాన్ నగరంలో కన్నుమూసినారు. అంతకు అయిదేళ్ల ముందు, 1925లో, ఆయనను వెళ్లగొట్టిన పరేల్ పరిశోధనశాలకే హాఫ్‌కిన్ సంస్థ అని పేరు పెట్టినారు. 1964లో స్వతంత్ర భారతదేశం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వెలువరించినది.

ఈ జీవితం గడచిపోయిన కాలపు ముచ్చట కాదు. ప్లేగు నిజాము రాజ్యాన్నీ విడువలేదు; 1911లో హైదరాబాదు నగరాన్ని అది అతలాకుతలం చేసినది. నూరేళ్లు దాటిన పిమ్మట, 2020లో కరోనా వచ్చినది. ఆ మార్చిలో తెలంగాణ ప్రభుత్వం నిబంధనలు జారీచేసినది ఆ 1897 నాటి చట్టం ఆధారంగానే. ఆ చట్టంలో లేని బాధ్యతను ఈసారి న్యాయస్థానం గుర్తుచేయవలసి వచ్చినది. పరీక్షలు ఎన్ని, మరణాలు ఎన్ని, ఏ ప్రాంతంలో వ్యాధి ఎట్లున్నది, ఆసుపత్రుల్లో పడకలు ఎన్ని ఉన్నవి అన్న వివరాలను రోజువారీ బులెటిన్‌లో ప్రజలకు తెలియజేయవలసినదని తెలంగాణ హైకోర్టు ఆ సంవత్సరం పలుమార్లు ఆదేశించినది. వివరాలు చాలవని అసంతృప్తి వెలిబుచ్చినది. తరువాత బులెటిన్‌లో వివరాలు పెరిగినవి. నర్సింహులపేటలో ఉన్న రోగి బంధువు వరంగల్లుకు పోవలెనా, హైదరాబాదుకు పోవలెనా అని తేల్చుకొనేది ఆ వివరాలతోనే కదా! ఖాళీ పడక ఎక్కడ ఉన్నదో తెలియక త్రోవలో గడచిన గంటలు ఎంత విలువైనవో అనుభవించినవారికే తెలుసును.

ప్రభుత్వాలు లెక్కలు దాచడానికి చెప్పే కారణం ఎల్లప్పుడూ ఒకటే: జనం భయపడతారని. హాఫ్‌కిన్ చరిత్ర దీనికి బదులు చెప్పుతున్నది. ఉంధేరా గ్రామంలో మూడు మరణాలను దాచకుండా చెప్పినప్పుడు జనం భయపడలేదు; చేయి చాచినారు. ముల్కోవాల్ పత్రాలను నాలుగేళ్లు దాచినప్పుడే భయపడినారు. తెలిసిన అపాయానికి మనిషి ఉపాయం వెదకుతాడు. తెలియని అపాయానికి వదంతిని ఆశ్రయిస్తాడు.

ఉపాధ్యాయులు ఈ కథను తరగతిలో చెప్పునప్పుడు, ఉంధేరా లెక్కను నల్లబల్ల మీద వ్రాయించవలెను. 71 మందిలో ముగ్గురు. 64 మందిలో 26 మంది. రెండింటినీ నూటికి ఎంతయో పిల్లల చేతనే లెక్కకట్టించవలెను. ఒక పంక్తిని చెరిపివేసి, మిగిలిన పంక్తితో ఏమైనా తెలుస్తుందేమో అడుగవలెను. ఏమీ తెలియదని పిల్లలే చెప్పుదురు. ఆ చెరిపిన పంక్తిని మరల వ్రాయమని అడిగే ధైర్యం వారికి పెద్దయిన తరువాత కూడా నిలిచి ఉంటే, లొజాన్‌లో ఒంటరిగా కన్నుమూసిన ఆ మహనీయుని ఋణం కొంత తీరినట్లే.